పిస్టల్ పర్మిట్‌కు ముందు ఏ శిక్షణ, శిక్షణ తర్వాత ఏ పర్మిట్: కనెక్టికట్‌లోని తెలుగువారికి ఒక పోలిక

గ్రీన్ కార్డు చేతికి వచ్చి, సొంత ఇల్లు కొనుక్కుని స్థిరపడిన తర్వాత, ఇంట్లో ఒక పిస్టల్ ఉంటే బాగుంటుందా అనే ఆలోచన కనెక్టికట్‌లోని చాలా తెలుగు కుటుంబాల్లో ఏదో ఒక రోజు చర్చకు వస్తుంది. అక్కడి నుంచి చాలామంది నడిచే వరుస ఇలా ఉంటుంది: ముందు ఏ తుపాకీ కొనాలో నిర్ణయించుకుంటారు, తర్వాత దానికి పర్మిట్ కావాలని తెలుసుకుంటారు, చివరికి ఆ పర్మిట్‌కు సర్టిఫికెట్ కావాలి కాబట్టి ఎక్కడ తక్కువ ఖర్చుతో, తక్కువ సమయంలో అయిపోతుందో చూసి ఒక క్లాసులో చేరతారు. ఈ వరుసను తిప్పి వేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ముందు మంచి శిక్షణ తీసుకోవాలి, ఆ శిక్షణలో మీ గురించి మీకు తెలిసినదాన్ని బట్టి ఏ పర్మిట్ కావాలో తేల్చుకోవాలి, తుపాకీ ఎంపిక అన్నిటికన్నా చివరికి రావాలి. శిక్షణ పూర్తయ్యాక ఇక తుపాకీ వద్దనుకున్నా, ఆ డబ్బు వృథా అయినట్టు కాదు.

ముందు తేల్చుకోవలసినది: అసలు మీకు అర్హత ఉందా

హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, సందర్శకుల బి-2 వంటి తాత్కాలిక వీసాల మీద అమెరికాలో ఉన్నవారు తుపాకీని గాని తూటాలను గాని దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది. ఇంకా కొన్ని పరిమిత మినహాయింపులు ఉన్నాయి. అవేవీ వర్తించని వ్యక్తి రేంజ్‌లో (కాల్పుల సాధన చేసే చోట) అద్దెకు తీసుకున్న పిస్టల్‌ను పట్టుకోవడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. స్నేహితులతో కలిసి సరదాగా రేంజ్‌కు వెళ్ళే హెచ్-1బి యువకుల్లో ఎక్కువమందికి ఈ సంగతి తెలియదు. ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 2022లో చేసిన సవరణ తర్వాత 15 ఏళ్ళ జైలు. దానికి తోడు ఇమిగ్రేషన్ చిక్కులు జీవితాంతం వెంటాడవచ్చు. గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉండి ఈఏడీ కార్డు మాత్రమే ఉన్నవారు తాము అర్హులమని సొంతంగా అనుకోకుండా ఇమిగ్రేషన్ లాయరును అడిగి నిర్ధారించుకోవాలి.

గ్రీన్ కార్డు ఉన్నవారు, పౌరులు మిగతా షరతులకు లోబడి దరఖాస్తు చేసుకోవచ్చు. కనెక్టికట్‌లో కనీస వయసు 21 ఏళ్ళు. తీవ్ర నేరాలలో శిక్ష పడినవారికి, గృహహింస కేసులో శిక్ష పడినవారికి, తమకు వ్యతిరేకంగా కోర్టు రక్షణ ఉత్తర్వు అమలులో ఉన్నవారికి పర్మిట్ దొరకదు.

చట్టం అడగకపోయినా కుటుంబం అడుక్కోవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఇంట్లో ఎవరైనా నిరాశతో, కుంగుబాటుతో సతమతమవుతున్నారా? దాంపత్యంలో గొడవలు చేయి చేసుకునేదాకా వెళ్తున్నాయా? ఈ రెండిటిలో దేనికి అవునన్నా, కింది ఎంపికలన్నిటినీ పక్కన పెట్టి తుపాకీ లేని ఇంటినే ఎంచుకోమని నేను చెప్తాను. క్షణికావేశంలో చేతికందిన తుపాకీ మళ్ళీ ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదు.

శిక్షణను ఏ గీటురాయి మీద పరీక్షించాలి

శిక్షణ సంస్థల ప్రకటనల్లో ధర, సమయం పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. కొత్తవారికి వాటికన్నా ముఖ్యమైనవి నాలుగు ఉన్నాయి. మొదటిది, ఇన్‌స్ట్రక్టర్ మీ భుజం పక్కన నిలబడి ఉండగా తుపాకీ నిజంగా మీ చేతిలో ఎంతసేపు ఉంటుంది అన్నది. రెండవది, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు రేంజ్‌లో ఎంతమంది విద్యార్థులు అన్నది. మూడవది, ఆ సర్టిఫికెట్ పర్మిట్‌కు చెల్లుతుందా అన్నది. నాలుగవది, ఇంట్లో భద్రపరిచే విధానానికి, చట్టానికి ఎంత సమయం కేటాయిస్తారు అన్నది.

మూడవ విషయంలో కనెక్టికట్ నిబంధన స్పష్టంగా ఉంది. శిక్షణలో నిజమైన తూటాలతో కాల్చడం తప్పనిసరి. కంప్యూటర్ తెర మీద చేసే సాధన గాని, ప్లాస్టిక్ తూటాలతో చేసే సాధన గాని చెల్లదు. నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వారి బేసిక్ పిస్టల్ కోర్సు ఇక్కడ ఎక్కువమంది తీసుకునేది. 2023లో వచ్చిన చట్టం తర్వాత దరఖాస్తుకు ముందు రెండేళ్ళ లోపు పూర్తి చేసిన శిక్షణ మాత్రమే లెక్కలోకి వస్తుంది కాబట్టి, ఎప్పుడో తీసుకుని బీరువాలో దాచిన సర్టిఫికెట్ ఇప్పుడు పనికి రాకపోవచ్చు.

ఒక రోజు బృంద తరగతి

షూటింగ్ క్లబ్బులు, శిక్షణ సంస్థలు వారాంతాల్లో నడిపే ఈ తరగతి సుమారు ఒక పూర్తి రోజు పడుతుంది: ఉదయం తరగతి గదిలో పాఠం, మధ్యాహ్నం రేంజ్‌లో కాల్పులు, మధ్యలో ఒక రాత పరీక్ష. ఖర్చు మిగతా వాటితో పోలిస్తే అందుబాటులో ఉంటుంది, సర్టిఫికెట్ పర్మిట్‌కు చెల్లుతుంది, పక్కవారు అడిగే ప్రశ్నల వల్ల మనకు తట్టని విషయాలు తెలుస్తాయి. లోపమల్లా, బృందం పెద్దదైతే రేంజ్‌లో మీ వంతు చాలా కొద్దిసేపే వస్తుంది. అందుచేత చేరే ముందు ఫోన్ చేసి, కాల్పుల సమయంలో ఒక ఇన్‌స్ట్రక్టర్ ఎంతమందిని చూసుకుంటారని సూటిగా అడగండి. జవాబు దాటవేసే చోట చేరవద్దు.

మంచి తరగతిని గుర్తు పట్టడానికి, పిస్టల్‌ను ఖాళీ చేయడం ఎలా నేర్పుతున్నారో చూడాలి. సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ముందు మ్యాగజీన్ (తూటాలు నింపే డబ్బా) బయటికి తీయాలి, ఆ తర్వాత స్లైడ్‌ను (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జారే భాగాన్ని) వెనక్కి లాగి ఛాంబర్‌లోని (కాల్చడానికి సిద్ధంగా తూటా ఉండే గదిలోని) తూటాను బయటికి పంపాలి, స్లైడ్‌ను వెనకే లాక్ చేసి ఛాంబర్‌లోకి కంటితో చూడాలి, చిటికెన వేలితో తడిమి కూడా చూడాలి. ఈ వరుస తప్పి ముందు స్లైడ్ లాగితే ఒక తూటా బయటికి ఎగిరిపడుతుంది. దాన్ని చూసి తుపాకీ ఖాళీ అయిందని కొత్తవారు నమ్ముతారు. కాని స్లైడ్ ముందుకు వస్తూ మ్యాగజీన్ నుంచి మరో తూటాను ఛాంబర్‌లోకి తోసేసి ఉంటుంది. ఆ తర్వాత మ్యాగజీన్ తీసేసినా ఆ తూటా లోపలే ఉంటుంది. ఖాళీ అనుకున్న తుపాకీ పేలే ప్రమాదాలకు ఈ వరుస తప్పడం ఒక ప్రధాన దారి. ఈ పనిని ప్రతి విద్యార్థి చేత, తూటా లేకుండా, చేతులు తమంతట తామే ఆ వరుసలో కదిలేదాకా మళ్ళీ మళ్ళీ చేయించే ఇన్‌స్ట్రక్టర్ దొరికితే మిగతా పాఠాలు కూడా అదే శ్రద్ధతో సాగుతాయని నమ్మవచ్చు.

ఆన్‌లైన్ పాఠం, తర్వాత రేంజ్

పాఠం భాగాన్ని ఇంట్లో కంప్యూటర్ మీద చదువుకుని, ఆ తర్వాత రేంజ్‌కు వెళ్ళి ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఆచరణ భాగం పూర్తి చేసే పద్ధతి ఇది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో శనివారం మొత్తం కేటాయించలేనివారికి, ఇంగ్లీషు ఉపన్యాసం వేగంగా సాగితే అందుకోవడం కష్టమయ్యేవారికి ఇది అనుకూలం. అర్థం కానిచోట ఆపి మళ్ళీ వినవచ్చు. కాని వీడియోలో చూసిన పట్టుకూ చేతిలో కుదిరే పట్టుకూ చాలా తేడా ఉంటుంది. రెండు చేతులతో పట్టుకునేటప్పుడు ఎడమ బొటనవేలిని స్లైడ్ వెనక అడ్డంగా పెట్టే అలవాటు కొత్తవారిలో తరచు కనిపిస్తుంది. పేలిన మరుక్షణం స్లైడ్ వెనక్కి దూసుకొచ్చి ఆ వేలిని కోసేస్తుంది. వీడియో మీ వేలిని చూడలేదు. ఈ పద్ధతి ఎంచుకుంటే రేంజ్ భాగానికి కనీసం సగం రోజు కేటాయించే చోటునే చూసుకోండి. పది నిమిషాల్లో కొన్ని తూటాలు కాల్పించి సంతకం పెట్టి పంపించే చోట్లకు దూరంగా ఉండండి.

ఒక్కరికే శిక్షణ

ఖర్చు ఎక్కువ. కాని భయం ఎక్కువగా ఉన్నవారికి, వయసు పైబడినవారికి, చేతుల్లో బలం తక్కువగా ఉండి స్లైడ్ లాగడం కష్టమయ్యేవారికి దీన్ని మించినది లేదు. ఇన్‌స్ట్రక్టర్ మీ చేతి కొలతను బట్టి రివాల్వరా, సెమీ ఆటోమేటిక్ పిస్టలా అన్నది చూసి చెప్పగలరు. మొదట తక్కువ కుదుపు ఉండే పాయింట్ 22 పిస్టల్‌తో మొదలుపెట్టి, తర్వాత అంతకన్నా పెద్ద తూటా వాడే 9 ఎంఎం పిస్టల్ ఇస్తారు. డమ్మీ తూటాల సాధన కూడా ఇక్కడే తీరికగా జరుగుతుంది: మ్యాగజీన్‌లో నిజమైన తూటాల మధ్య మీకు తెలియకుండా ప్లాస్టిక్ తూటాలు కలుపుతారు; ట్రిగ్గర్ నొక్కినప్పుడు పేలకపోయినా తుపాకీ మూతి కిందికి వంగితే, చప్పుడు రాకముందే మీ చేతులు బెదురుతున్నాయని మీ కళ్ళకే కనిపిస్తుంది. ఈ తరగతి కూడా పర్మిట్‌కు చెల్లే కోర్సు ప్రకారమే సాగుతుందా అని ముందే రూఢి చేసుకోవాలి.

దంపతులిద్దరూ నేర్చుకోవాలనుకుంటే భర్త నేర్చుకుని భార్యకు నేర్పడం కన్నా, ఇద్దరూ వేరువేరుగా నేర్చుకోవడమే మంచిది. ఇంట్లోని వారి ముందు తప్పు చేయడానికి మొహమాటపడేవారు ప్రశ్నలు అడగరు.

పరిచయ తరగతి

గంట, రెండు గంటల పాటు సాగే పరిచయ తరగతులు, స్త్రీలకు ప్రత్యేకంగా పెట్టే తరగతులు కూడా ఉన్నాయి. ఇవి సాధారణంగా పర్మిట్‌కు చెల్లవు. అయినా తుపాకీ అంటే తమకు సరిపడుతుందో లేదో తెలియనివారు ఇక్కడ మొదలుపెట్టడం తెలివైన పని అని నేను భావిస్తాను.

ఏ తరగతికి వెళ్ళినా మెడ దగ్గర మూసి ఉండే చొక్కా, కాలి వేళ్ళు కప్పే బూట్లు వేసుకోండి. పక్క లేన్ నుంచి ఎగిరివచ్చే, పేలిన తూటా తాలూకు వేడి ఖాళీ తొడుగు విశాలమైన మెడ ఉన్న కుర్తీలో పడితే, ఆ ఉలికిపాటులో చేతిలోని తుపాకీ ఎటు తిరుగుతుందో చెప్పలేం. కంటి అద్దాలు, చెవి రక్షణ తప్పనిసరి. పైకప్పు ఉన్న రేంజ్‌లలో చెవుల్లో ఫోమ్ బిళ్ళలు పెట్టుకుని పైన చెవులను పూర్తిగా కప్పే మఫ్స్ కూడా పెట్టుకుంటే మేలు. కాల్పుల వల్ల గాలిలో, చేతుల మీద సీసం చేరుతుంది కాబట్టి ఏమైనా తినే ముందు చల్లటి నీళ్ళతో, సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఇంటికి రాగానే పిల్లలను ఎత్తుకునే ముందు బట్టలు మార్చుకోవాలి. గర్భిణులు సీసం, చప్పుడు రెండిటి కారణంగా ప్రసవం అయ్యేదాకా శిక్షణను వాయిదా వేసుకోవడం మంచిది.

ఇక్కడ మనవారిలో కొందరికి ఒక ప్రత్యేకమైన జాగ్రత్త చెప్పాలి. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో పాయింట్ 22 రైఫిల్ కాల్చినవారు, హైదరాబాద్‌లో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన చేసినవారు పరిచయం ఉందన్న ధైర్యంతో వస్తారు. గురి, ఊపిరి నియంత్రణ వారికి తప్పక ఉపయోగపడతాయి. కాని రైఫిల్ గొట్టం పొడుగ్గా ఉండి అటూ ఇటూ తిప్పితే అందరికీ కనిపిస్తుంది, పిస్టల్ గొట్టం మాత్రం మణికట్టు కొద్దిగా తిరిగితే చాలు, పక్కనున్న మనిషి వైపు చూస్తుంది. తుపాకీని ఎప్పుడూ సురక్షితమైన దిక్కుకే ఉంచడం, కాల్చాలని నిర్ణయించుకునేదాకా వేలిని ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచడం, వాడే సమయం వచ్చేదాకా తూటాలు నింపకపోవడం అనే మూడు నియమాలను అనుభవం ఉన్నవారు కూడా మొదటి నుంచి నేర్చుకోవాలి.

రెండు కాగితాలు, రెండు రకాల జీవితాలు

కనెక్టికట్‌లో చేతి తుపాకీ కొనాలంటే సాధారణంగా రెండు కాగితాల్లో ఒకటి కావాలి: అర్హతా పత్రం (ఎలిజిబిలిటీ సర్టిఫికెట్) లేదా వెంట తీసుకెళ్ళే పర్మిట్. చాలామంది రెండవదాని గురించే వింటారు, మొదటిది ఉందని కూడా తెలియదు.

| పోలిక | అర్హతా పత్రం | వెంట తీసుకెళ్ళే పర్మిట్ |
|---|---|---|
| ఏమి చేయవచ్చు | కొని ఇంట్లో లేదా సొంత వ్యాపార స్థలంలో ఉంచుకోవచ్చు | కొనవచ్చు, బయట కనిపించకుండా వెంట పెట్టుకోవచ్చు |
| దరఖాస్తు ఎక్కడ | రాష్ట్ర పోలీసు విభాగంలో | ముందు ఊరి పోలీసు అధికారి దగ్గర, తర్వాత రాష్ట్ర విభాగంలో |
| ప్రధాన రుసుము | 35 డాలర్లు | ఊరికి 70, రాష్ట్రానికి 70 డాలర్లు |
| గడువు | 5 ఏళ్ళు | 60 రోజుల తాత్కాలిక పర్మిట్, తర్వాత 5 ఏళ్ళది |
| శిక్షణ | తప్పనిసరి | తప్పనిసరి |

వేలిముద్రలకు, నేర చరిత్ర పరిశీలనకు అయ్యే ఖర్చు వీటికి అదనం. రుసుములు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజున మళ్ళీ చూసుకోవాలి. పర్మిట్ దరఖాస్తు పూర్తిగా అందిన తర్వాత స్థానిక అధికారి 8 వారాల్లో నిర్ణయం చెప్పాలి. తిరస్కరిస్తే 90 రోజుల్లోగా తుపాకీ పర్మిట్ల పరిశీలక బోర్డుకు అప్పీలు చేసుకోవచ్చు. రాష్ట్ర విభాగం ప్రధాన కార్యాలయం మిడిల్‌టౌన్‌లో ఉంది, మనవారికి సత్యనారాయణ స్వామి గుడి ఉన్న ఊరుగా తెలిసినదే.

ఇంటి రక్షణ తప్ప మరో ఉద్దేశం లేని కుటుంబానికి అర్హతా పత్రం సరిపోతుంది. తుపాకీని నడుముకు తగిలించుకుని కిరాణా దుకాణానికి వెళ్ళడం ఊహకు కూడా రాని మనిషి ఆ హక్కు కోసం రెండింతలకు మించి ఖర్చు, తిరుగుడు భరించడంలో అర్థం లేదు. అయితే అర్హతా పత్రంతో తుపాకీని ఏయే పనులకు ఇంటి బయటికి తీసుకెళ్ళవచ్చో చట్టం లెక్కపెట్టి చెప్పింది కాబట్టి, సొంత పిస్టల్‌తో తరచు రేంజ్‌లో సాధన చేయాలనుకునేవారు ఈ సంగతిని దరఖాస్తుకు ముందే రాష్ట్ర విభాగంలో అడిగి తేల్చుకోవాలి. క్రమం తప్పకుండా సాధన చేసేవారికి, రాత్రిపూట దుకాణం మూసి నగదుతో ఇంటికి వెళ్ళే పెట్రోల్ బంకు, మోటెల్ యజమానులకు పర్మిట్ నప్పుతుంది. దాన్ని ఎంచుకునేవారు ఒక బాధ్యత కూడా నెత్తికెత్తుకుంటారు. 2023 అక్టోబరు 1 నుంచి తుపాకీ పైకి కనిపించేలా తిరగడం నిషేధం, బడి ఆవరణలోకి తీసుకెళ్ళకూడదు, స్థలం యజమాని వద్దంటే అక్కడికీ తీసుకెళ్ళకూడదు. కారులో మనిషి లేకుండా వదిలేటప్పుడు డిక్కీలో గాని, తాళం వేసిన పెట్టెలో గాని, తాళం వేసిన గ్లవ్ బాక్స్‌లో గాని పెట్టాలి.

సరిహద్దు దాటితే

స్టామ్‌ఫర్డ్‌లో ఉంటూ రోజూ న్యూయార్క్‌కు రైలెక్కేవారు, వారాంతంలో న్యూజెర్సీలో ఎడిసన్‌లోని బంధువుల ఇంటికి వెళ్ళేవారు మనలో చాలామంది ఉన్నారు. కనెక్టికట్ పర్మిట్‌ను న్యూయార్క్ గుర్తించదు, న్యూజెర్సీ కూడా గుర్తించదు. మర్చిపోయి బ్యాగులో పెట్టుకుని వెళ్ళడం కూడా అక్కడ తీవ్రమైన నేరమే. ఈ రెండు రాష్ట్రాలతో మీకు నిత్యం రాకపోకలుంటే, వెంట తీసుకెళ్ళే పర్మిట్ వల్ల కలిగే లాభం సగానికి తగ్గిపోతుందని ముందే లెక్కవేసుకోవాలి.

ఇల్లు మారే ఆలోచన ఉన్నవారికి కూడా ఈ తేడాలు ముఖ్యం. న్యూయార్క్‌లో చేతి తుపాకీని ఇంట్లో ఉంచుకోవడానికి సైతం లైసెన్సు కావాలి. వెంట తీసుకెళ్ళే లైసెన్సుకు 2022 సెప్టెంబరు నుంచి 16 గంటల తరగతి, 2 గంటల కాల్పుల శిక్షణ తప్పనిసరి. న్యూజెర్సీలో కొనే ప్రతి చేతి తుపాకీకి విడిగా కొనుగోలు పర్మిట్ తీసుకోవాలి, దాని గడువు 90 రోజులు. వెంట తీసుకెళ్ళే పర్మిట్ అక్కడ రెండేళ్ళకే ముగుస్తుంది, రుసుము 200 డాలర్లు. టెక్సస్ వీటికి పూర్తిగా భిన్నం: 21 ఏళ్ళు నిండిన అర్హులు 2021 సెప్టెంబరు నుంచి పర్మిట్ లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. చట్టం అడగని చోట శిక్షణ ఇంకా ఎక్కువ అవసరం అవుతుంది కాబట్టి, డల్లాస్‌కో ఆస్టిన్‌కో మారినవారు కూడా 4 నుంచి 6 గంటల ఐచ్ఛిక లైసెన్సు తరగతిని వదులుకోవద్దని నా సలహా.

భద్రపరచడానికి పెట్టె ముందు, పిస్టల్ తర్వాత

2018 జనవరిలో కనెక్టికట్‌లోని గిల్‌ఫోర్డ్‌లో 15 ఏళ్ళ ఈథన్ సాంగ్ ఒక స్నేహితుడి ఇంట్లో, సరిగా భద్రపరచని తుపాకీ పేలి చనిపోయాడు. ఆ అబ్బాయి పేరు మీదనే 2019లో కనెక్టికట్ చట్టం వచ్చింది: పిల్లల చేతికి అందే అవకాశం ఉన్న ఇంట్లో తూటాలు నింపి ఉన్నా, లేకపోయినా తుపాకీని తాళం వేసిన చోటే ఉంచాలి. 2023 చట్టం ఈ బాధ్యతను ఇంకా విస్తరించింది.

పెట్టె ఎంపికలో మీ ఇంటి పరిస్థితి చూడండి. చిన్నపిల్లలున్న ఇంట్లో మంచం పక్కన పట్టే, నంబరుతో త్వరగా తెరుచుకునే చిన్న ఉక్కు పెట్టెను గోడకో నేలకో బోల్టులతో బిగించడం మంచిది. బిగించకపోతే దొంగ దాన్ని పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు. కౌమారంలో ఉన్న పిల్లలున్న ఇంట్లో నంబరు పెట్టినప్పుడు పుట్టినరోజులు, పెళ్ళిరోజులు వాడకండి. వాటిని పిల్లలే ముందుగా ప్రయత్నిస్తారు. తూటాలు వేరే తాళంలో ఉంచండి.

ఆరు నెలలకు ఇండియా నుంచి వచ్చి ఉండే అమ్మానాన్నలు బి-2 వీసా మీద ఉంటారు కాబట్టి వారికి ఆ పెట్టె నంబరు గాని, తాళంచెవి గాని ఇవ్వకూడదు. తెరవగలిగే స్థితిలో ఉండడమే వారిని చట్టం దృష్టిలో ఇరుకున పెట్టవచ్చు. ఇంట్లో హెచ్-4 మీద ఉన్న బంధువులకూ ఇదే వర్తిస్తుంది. తుపాకీ పోయినా, దొంగతనానికి గురైనా, ఆ సంగతి తెలిసిన 72 గంటల్లోగా పోలీసులకు చెప్పాలి. అందుకే కొన్న రోజునే సీరియల్ నంబరు రాసుకుని, ఆ కాగితాన్ని తుపాకీ ఉన్న పెట్టెలో కాకుండా ఇంటి పత్రాలతో కలిపి ఉంచండి.